ముందుగా తెలియవలసిన మనిషి

ఆసుపత్రి మెట్ల కింది గదిలో టెలిఫోను బోర్డు ముందు కూర్చుని రేణు ముగ్గురికి ఒకేసారి జవాబు చెబుతోంది. ఒక లైనులో అత్తిముగం ఊరి రైతు, ఎముకల డాక్టరు వచ్చాడా అని తమిళంలో అడుగుతున్నాడు. ఇంకో లైనులో ఒకావిడ కన్నడంలో గొడవపడుతోంది. మూడో లైనుకు ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. ఆ దీపం రేణుకు కనపడదు. దానితోపాటు బోర్డులో టిక్కుమని చప్పుడొస్తుంది, ఆమెకు అది చాలు. రైతును ఎముకల విభాగానికి కలిపి, కన్నడావిడను బుజ్జగించి కౌంటరుకు పంపించి, మూడో లైను ఎత్తింది.

"రిపోర్టు వచ్చేసిందన్నా. ఫోన్లో మన ఆసుపత్రి యాప్ ఉంటాది కదా, దాంట్లో చూసుకోండి. చూసేకి రాకుంటే ఇంట్లో పిల్లోళ్లని అడగండి."

పొద్దున్నించి సాయంత్రం దాకా ఆమె అందరికీ చెప్పే మాట ఇది. ఆ యాప్‌లో తన రిపోర్టు మాత్రం ఆమె ఏనాడూ చూసుకోలేదు. చూసుకునే వీలు దానిలో లేదు.

గుమ్మం దగ్గర తనూజ ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. చీరాల నుంచి హోసూరుకు ఉద్యోగానికొచ్చి ఏడాది కాలేదు. బాగలూరు రోడ్డులో బేకరీ పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లది. ఈ ఆసుపత్రి యాప్ తయారుచేసింది ఆ కంపెనీయే. ఇప్పుడు దాన్ని కళ్లు కనపడనివాళ్లూ, చేతులు వణికేవాళ్లూ, చెవులు వినపడనివాళ్లూ వాడుకునేలా మార్చాలి. వచ్చేవారం చెన్నై నుంచి తనిఖీకి మనుషులొస్తున్నారు, అందుకని ఆసుపత్రి మేనేజరు గోపీనాథ్‌కు తొందర. "మెట్ల కింద రేణు ఉందమ్మా. కళ్లు కనపడవు. ఆమెకోసారి చూపించి, సరే అనిపించుకో, అయిపోతాది," అని పంపించాడు. పప్పులో ఉప్పు చూసి రమ్మన్నట్టు చెప్పాడు.

"రేణు గారూ..."

"గారు అంటే ఎవురో బ్యాంకు మేనేజరమ్మ అనుకుంటాను. రేణు అనండి చాలు. కుర్చీ మీద నా టిఫిను డబ్బా ఉంటాది, పక్కన పెట్టి కూచోండి."

తనూజ డబ్బా తీసి కింద పెట్టి కూర్చుంది. తన పేరూ, వచ్చిన పనీ చెప్పింది. రేణు హెడ్‌సెట్ ఒక చెవి మీదికి జరిపి, తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తెర మీద వేలు పెడితే ఏముందో చదివి చెప్పే గొంతు ఆ ఫోనులో ఉంది. రేణు చిన్నప్పుడు చదివింది తమిళ బ్రెయిలీలో. ఇంట్లో మాట్లాడే తెలుగును ఆమె చదువుకోగలిగింది ఈ ఫోను వచ్చాకే. ఆసుపత్రి యాప్ తెరిచి వేలు పక్కకు జరుపుతూ పోయింది. ఫోను చెప్పింది: "లేబుల్ లేని బటన్. లేబుల్ లేని బటన్. చిత్రం. లేబుల్ లేని బటన్."

"వింటిరా? ఈ యాప్‌లో నాకు తెలిసింది ఈయనొక్కడే," అంది రేణు. "లేబుల్ లేని బటన్ అని పేరు. ఇల్లంతా ఈయనే ఉండాడు. ఏ తలుపు తట్టినా ఈయనే వస్తాడు."

తనూజకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ బటన్లలో సగం తను పెట్టినవే. పెట్టేటప్పుడు మందుసీసా బొమ్మా, గుండెబొమ్మా ముద్దుగా ఉన్నాయని మురిసిపోయింది. బొమ్మ వెనక పేరు రాయాలని తోచలేదు. ఒక్కొక్కటీ చూసి రాసుకుంటూ, "ఇవన్నీ రెండు రోజుల్లో సరిచేస్తాను," అంది.

రేణు వేలు ఇంకా కిందికి జరిపింది. ఫోను "చిత్రం" అని ఊరుకుంది.

"ఇదే రిపోర్టు. దీని సంగతేమి?"

"అది మా పనిలో లేదండీ. ల్యాబ్ నుంచే బొమ్మగా వస్తుంది. మేం బటన్లకు పేర్లు పెడతాం, రంగులు సరిచేస్తాం, అక్షరాలు పెద్దవి చేస్తాం..."

"ఇంట్లో అన్ని గదులకీ వాకిలి పెడతారు, వంటింటికి తప్ప."

అంతలో టీ గ్లాసులతో నాగక్క వచ్చింది. ఈ ఆసుపత్రికి ఒక్క అంతస్తే ఉన్నప్పటి నుంచి ఇక్కడ ఆయాగా పనిచేస్తోంది. కాన్పు గదిలో బిడ్డ ఏడవగానే, బయట కాచుకున్న బంధువులకు ముందుగా కబురు చెప్పే హక్కు ఆమెది. చెప్పినందుకు వాళ్లు ఆమె నోరు తీపి చేసి, చేతిలో ఏదో పెట్టడం అక్కడి మర్యాద. అలా ఏళ్ల తరబడి కబుర్లు మోసీ మోసీ, ఎవరి కబురైనా మొదట తనే చెప్పాలన్న యావ పట్టుకుంది. మనసు వెన్న. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

"ఈ పాప ఎవురే రేణూ? పెండ్లయిందా?" అని తనూజను ఎగాదిగా చూసింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే చూపు. కాలేదని విని, "సరి, చూస్తాం లే," అని భరోసా ఇచ్చి వెళ్లిపోయింది.

ఆమె అడుగులు మెట్లెక్కిపోయేదాకా రేణు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించింది.

"తనూజమ్మా, పోయినేడు నాకు నెల తప్పింది. మీరైతే అంగట్లో పుల్ల కొనుక్కుంటారు. రెండు గీతలా ఒక గీతా అని బాత్రూములోనే చూసుకుంటారు. ఆ గీతలు చూసేకి కండ్లు కావాల కదా. ఎవురికో చూపించి అడగాల. అడగబుద్ధి కాలేదు. ఈడ ల్యాబ్‌లో రక్తమిచ్చి, ఈ కుర్చీలోనే కూచుని కాచుకోనుండాను. అంతలో మా మామ ఫోన్ చేసినాడు, ఫ్యాక్టరీ గేటు దగ్గరినుంచి. మామంటే మా ఆయన, దేవేంద్ర. 'ఏమే, ఇంత సంతోషం వస్తే నాకు చెప్పలేదే' అని కోపం. ఏమి చెప్పాల? నాకే తెలీదు. కాగితం నాగక్క చేతిలో పోతా ఉంటే చూసేసింది. ఆమె చెల్లెలి కొడుకు ఫ్యాక్టరీలో మా మామ పక్కనే పని. నా కడుపులో సంగతి కౌంటరుకి తెలిసింది, క్యాంటీన్‌కి తెలిసింది, ఫ్యాక్టరీకి తెలిసింది, అందరికన్నా ఆఖర్న నాకు తెలిసింది."

టిక్కుమంది. రేణు ఫోనెత్తి ఎవరినో పిల్లల డాక్టరుకు కలిపింది.

"మూడో నెలలో పోయింది. అప్పుడూ అంతే. స్కానింగ్ గది బయట నాగక్క ముక్కు చీదేది వినపడింది. అప్పుడు అర్థమయింది."

తనూజ చేతిలో టీ చల్లారిపోయింది.

"నాగక్క మీద నాకు కోపం లేదు. నేను మాత్రం తక్కువా? ఈ ఫోన్లో విన్నవి ఆమెకి చెప్తానే ఉంటాను. కానీ ఇప్పుడు మళ్లీ నెల తప్పింది, శనివారం రక్తమిచ్చేకి డాక్టరమ్మ చెప్పింది. ఈ తూరి నాకు ముందు తెలియాల. మామకి నేను చెప్పాల, ఆయన నాకు చెప్పేది కాదు. నాకు కావాల్సింది ఇంతే. మీ పనిలో లేదంటే సరే."

తనూజ నోటి నుంచి తనకే తెలియకుండా మాట వచ్చేసింది. "చేస్తాను."

ఆఫీసులో టీమ్ లీడర్ ఉపేంద్ర విని తలపట్టుకున్నాడు. రిపోర్టు జోలికి పోతే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కెలకాలి, అది ఒప్పందంలో లేదు, కెలికిన పాపం మన మెడకే చుట్టుకుంటుంది అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. తనూజ సరేనని తలూపి తన కుర్చీలోకి వచ్చి, చెప్పిన మాట వినని మనిషిలాగే పని మొదలుపెట్టింది.

ముందు తన ఫోనులోనూ ఆ చదివే గొంతును ఆన్ చేసింది. తెర నల్లగా ఆర్పేసి, తను తయారుచేసిన యాప్‌లో తన పేరు వెతకబోయింది. రెండు నిమిషాల్లో దారి తప్పింది. వెనక్కి వెళ్లబోయి, ఎముకల డాక్టరుకు అపాయింట్‌మెంట్ తీసేసుకుంది. దాన్ని రద్దు చెయ్యబోతే ఎదురైంది మళ్లీ లేబుల్ లేని బటన్ గారే. ఇంతకాలం రేణు ఈ ఇంట్లో ఎలా తిరిగిందా అనుకుంది తనూజ.

బటన్లన్నిటికీ పేర్లు పెట్టింది. ఆ తర్వాత రిపోర్టు సంగతి ఆలోచించింది. ఒక ఉపాయం తోచింది. రేణు అనుమతి తీసుకుని, ఆమె పాత రక్తపరీక్షనూ మందుల చీటీనీ చేత్తో అక్షరాలు కొట్టి ఎక్కించి, పైన "వినండి" అని పెద్ద బటన్ పెట్టింది. నొక్కితే చక్కటి ఆడగొంతు రిపోర్టంతా నెమ్మదిగా, వివరంగా చదువుతుంది. గొంతు మృదువుగా ఉండాలని నాలుగైదు గొంతులు విని ఏరింది. చిన్నపిల్లలక్కూడా అర్థమయ్యేలా వాక్యాలు అల్లింది. ఎవరో తన కోసం ఇంత చేస్తే తనకెంత బాగుండునో అని ఊహించుకుంటూ చేసింది. అక్కడే పొరపాటు పడింది.

బుధవారం మధ్యాహ్నం ఆ సంగతి తెలిసిన గోపీనాథ్ ఉత్సాహంతో రేణు గదికి ముందే చేరాడు. కౌంటరు అమ్మాయిలిద్దర్ని వెంట తెచ్చాడు. నాగక్క పిలవకపోయినా వచ్చింది. గది చిన్నది, తలుపు తెరిచే ఉంది. బయట హాల్లో టోకెన్లు పట్టుకున్న జనం.

రేణు వేలితో వెతికింది. "వినండి. బటన్," అని ఫోను చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. నొక్కింది.

"రేణు గారూ, నమస్కారం. మీ రక్తపరీక్ష ఫలితాలు వినండి," అంది ఆడగొంతు, స్పష్టంగా, గట్టిగా. "మీ హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. ఇది ఉండవలసినదానికన్నా తక్కువ. మీ థైరాయిడ్..."

రేణు ఆపబోయింది. ఆపే బటన్ ఎక్కడుందో వేలికి దొరకలేదు. గొంతు తన ధోరణిలో తాను చదువుకుంటూ పోయింది. బరువు, రక్తపోటు, వేసుకుంటున్న మాత్రలు, అన్నీ. హాల్లో కూర్చున్న ముసలాయన ఒకాయన తల తిప్పి చూశాడు.

గోపీనాథ్ చప్పట్లు కొట్టాడు. "అదీ! మాట్లాడే రిపోర్టు! చెన్నై వాళ్లకి ఇదే చూపించాల!"

"అయ్యో, ఎనిమిదిన్నరేనా నీకు?" నాగక్క రేణు బుగ్గలు పట్టుకుంది. "రక్తమే లేదే బిడ్డా! బీట్‌రూట్ తిను, మునగాకు తిను, నేను తెస్తా కదా." ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

అందరూ వెళ్లాక తనూజ మెప్పుకోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రేణు బోర్డు మీది తీగలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది.

"బాగాలేదా?"

"ముందు నాగక్క ఒక్కతే చెప్పేది, తనూజమ్మా. ఇప్పుడు ఫోనే దండోరా వేస్తా ఉంది."

తనూజకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. "నేను మీకోసమే కదండీ, రెండు రోజులు కూర్చుని..." అని మధ్యలో ఆపేసింది. కోపం వచ్చింది. చేసినదానికి ఒక్క మంచిమాటైనా అనకూడదా అనిపించింది. సంచి జిప్పు ఒక్కసారి గట్టిగా లాగింది.

"పోవద్దండి," అంది రేణు. "కోపమొచ్చింది కదా? రానీ. కొంచెం కూచోండి." తన సంచిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, చేత్తో తడుముతూ తనూజ చెవిలో ఒకటి పెట్టింది, రెండోది తన చెవిలో పెట్టుకుంది. "ఇది నేను పొద్దున్న చదివిన వార్తలు."

తనూజకు మాటలు వినపడలేదు. మిడతలు ఎగిరినట్టు చిరచిరమని ఒక చప్పుడు, అంతే.

"ఇదేం వేగం? ఏమీ అర్థం కావడం లేదు."

"నాకు అర్థమయితాది. మీరు కండ్లతో చదివే వేగం ఇదే కదా? మీకు కాగితమిచ్చి ఎవురైనా పక్కన కూచుని బిగ్గరగా, నిదానంగా చదువుతా ఉంటే ఎట్లుంటాది? చేతిలోనించి పెరుక్కుంటారు." రేణు ఇయర్‌ఫోన్ చుట్టి లోపల పెట్టుకుంది. "నాకు చదివి పెట్టొద్దమ్మా. నన్ను చదవనీండి. అక్షరాలుగా పెట్టండి చాలు. చదివే గొంతు నా దగ్గర ఉంది. ఎంత వేగంగా కావాలో, యాడ ఆపాలో, రెండోసారి వినాలో వద్దో నేను చూసుకుంటాను."

తనూజ సంచి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి, రేణు కలుపుతూనే ఉంది. లేచేటప్పుడు తనూజ, "ఆపే బటన్ కూడా పెట్టలేదు నేను," అంది.

"అవును. ఆయన ఉండాల్సిన చోట లేకపాయ."

ఇద్దరూ నవ్వారు.

మరునాడు తనూజ మేడ మీద ల్యాబ్‌కు వెళ్లి, అక్కడ పరీక్షలు చేసే మునిరాజు పక్కన స్టూలు వేసుకుని అతని పని చూసింది. మునిరాజు రక్తం గొట్టాన్ని మిషన్‌లో పెడతాడు. మిషన్ అంకెలు తేల్చి కంప్యూటరుకు పంపుతుంది, శుభ్రమైన అక్షరాల్లోనే. అప్పుడు మునిరాజు దాన్ని కాగితం మీద అచ్చు తీస్తాడు. నాగక్క ఆ కాగితాన్ని కిందికి తీసుకెళ్లి డాక్టరుతో పచ్చసిరా సంతకం పెట్టించి, కౌంటరులో సీలు కొట్టించి, మళ్లీ పైకి తెస్తుంది. మునిరాజు దాన్ని ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కిస్తాడు.

"ఉన్న అక్షరాలను కాగితం చేసి, మళ్లీ బొమ్మ చెయ్యడం ఎందుకు?"

"సీలు కనపడాల కదమ్మా. సీలు లేని రిపోర్టు చూపిస్తే వేప్పనపల్లి పక్క ఊళ్లవాళ్లు నమ్మరు. మిషన్ చెప్పింది కాదప్పా, డాక్టరు ఏమన్నాడు అంటారు."

అంటే అక్షరాలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. సీలు కోసం మెట్లు దిగి, మెట్లెక్కి వచ్చేసరికి బొమ్మ అయిపోతున్నాయి. దారిలో నాగక్క కంట పడుతున్నాయి. తనూజ ల్యాప్‌టాప్ తెరిచింది. డాక్టరు తన కంప్యూటర్లోనే చూసి సరేనంటే, అక్షరాలు నేరుగా యాప్‌లోకి వెళ్లాలి. సీలు కొట్టిన బొమ్మ అడిగినవాళ్లకు మాత్రం తర్వాత ఎక్కిస్తే చాలు. పట్టికలో పరీక్ష పేరు, దాని పక్కనే దాని ఫలితం, ఆ వెంటనే ఉండవలసిన అంకె, అదే వరసలో ఫోను చదవాలి. వరస తప్పితే ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి తొడిగినట్టవుతుంది. ఒకటికి నాలుగుసార్లు తెర ఆర్పి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని సరిచూసింది. రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టర్ వినుత విని, ఇంత తేలికైన పని ముందే ఎందుకు చెయ్యలేదంది. ఉపేంద్రకు ఫోన్ చేస్తే అతను, పాపం మెడకు చుట్టుకుంటే ఇద్దరం పంచుకుందాం లెమ్మన్నాడు.

మిగిలింది గోపీనాథ్. ఆయనకు అక్షరాలంటే అభ్యంతరం లేదు. కానీ "వినండి" బటన్ తీసేస్తానంటే మాత్రం ససేమిరా అన్నాడు.

"అదే కదమ్మా మన గొప్ప! చెన్నై వాళ్ల ముందు రేణు నొక్కితే ఫోను మాట్లాడాల, వాళ్లు నోరు తెరవాల. నువ్వేమో తీసేస్తాను అంటావు."

కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. కాఫీ తెచ్చే పిల్ల అప్పుడే ఆయనకు చక్కెర దండిగా వేసిన కాఫీ అందించింది. హాలు నిండా జనం.

"ఒకసారి మీ ఫోనివ్వండి సార్."

ఇచ్చాడు. సిబ్బందికి ఏటా చేసే పరీక్షల్లో ఆయనదీ ఉంది. తనూజ ఆయన పేరుతో రిపోర్టు తెరిచి, ఫోను గొంతు పూర్తిగా పెంచి, బొటనవేలు బటన్ మీద ఆనించింది. "ఎలా ఉంటుందో వినండి సార్. మీ షుగర్‌తో మొదలవుతుంది."

నిజానికి ఆ బటన్ రేణు పాత రిపోర్టుకు తప్ప ఇంకెవరిదానికీ పనిచెయ్యదు. ఆ సంగతి తనూజకు తెలుసు. గోపీనాథ్‌కు తెలియదు.

"ఏయ్, ఏయ్, ఉండమ్మా!" కాఫీ ఒలికిపోతున్నా లెక్కచెయ్యక ఆయన ఫోను లాక్కున్నాడు. కాఫీ పిల్ల వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఫోనును చొక్కా జేబులో పెట్టి, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అలాగే ఉంచి కొంచెంసేపు ఆలోచించాడు. మనిషి మంచివాడే, చెబితే అర్థంకానివాడు కాడు, అనుభవమైతే ఇంకా తొందరగా అర్థమవుతుంది.

"ఆ పొద్దు రేణుది... అందురూ విన్నారు కదమ్మా?"

"విన్నారు సార్."

"తీసేయ్," అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "నేను చప్పట్లు కూడా కొట్టినాను," అన్నాడు మెల్లగా.

శనివారం పొద్దున రేణు రక్తమిచ్చి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మోచేతి లోపల దూది అంటించుకునే ఉంది. తనూజ సెలవురోజైనా వచ్చింది. పని ఎలా నడుస్తుందో చూడాలని చెప్పింది గానీ, ఇంట్లో కాలు నిలవక వచ్చింది. ఇద్దరూ రిపోర్టు మాట ఎత్తలేదు. రేణు తెచ్చిన చింతపండు చిత్రాన్నం సగం సగం తిన్నారు, వానల గురించి మాట్లాడుకున్నారు. నాగక్క మూడుసార్లు వచ్చింది, ఒకసారి టీకి, ఒకసారి గ్లాసులకి, ఒకసారి ఏమీ లేకుండానే. పొద్దున్నుంచీ ల్యాబ్ దగ్గర కాగితాలేవీ ఆమె చేతికి రాలేదు, అందువల్ల మనిషి చిన్నబోయి ఉంది.

మధ్యాహ్నం దాటాక రేణు ఫోను బల్ల మీద గుర్రుమంది.

రేణు హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంది. ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టుకుంది. వేలు తెర మీద పక్కకు జరుగుతోంది, ఆగుతోంది. పేరు. వయసు. తేదీ. వేలు ఇంకోసారి జరిగి నిలిచిపోయింది. బోర్డులో టిక్కుమంది, రేణు ఎత్తలేదు. వేలు ఒకడుగు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లి, అదే చోట నిలిచింది. రెండోసారి చదువుకుంటోంది. తనూజ ఆ ముఖంలోకి కళ్లార్పకుండా చూసింది. ఏమీ దొరకలేదు. అన్ని ఊళ్ల కష్టసుఖాలూ విని కలిపి పంపే ముఖం అది, గాలికి కదలని నీళ్లలా ఉంది.

గుమ్మంలో నాగక్క. "వచ్చిందా రేణూ?"

"యాడ వచ్చింది నాగక్కా. ఇంకా రాలే."

తనూజ ఉలిక్కిపడింది. రాలేదా? మరి గుర్రుమన్నదేమిటి? వరస తప్పిందా, ఖాళీ కాగితం వెళ్లిందా? గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది. రేణు పేరు ఎదురుగా స్పష్టంగా ఉంది: పంపడమైనది, తెరవడమైనది. పొరపాటేమీ లేదు. ఆ వరస మీద ఒక్కసారి నొక్కితే రిపోర్టు మొత్తం తెరుచుకుంటుంది. సరిచూడ్డానికి తనకు ఆ అధికారం ఉంది. వేలు దాని మీదే ఉంది. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది, ఆ సంగతి దాచడమెందుకు.

బల్ల కింద రేణు కాలు వచ్చి ఆమె పాదం మీద మెత్తగా ఆనింది. ఆని, అక్కడే ఉంది.

తనూజ నాగక్క వైపు చూసింది. రేణు వైపు చూసింది. రేణు పెదవి చివర కదిలీ కదలనట్టు ఏదో కదిలింది, అది నవ్వో ఏడుపో చెప్పలేం. తనూజ వేలు వెనక్కి తీసుకుని ల్యాప్‌టాప్ మూసేసింది.

"సరి, వస్తే చెప్పు," అని నాగక్క వెళ్లింది.

రేణు హెడ్‌సెట్ తలకు తగిలించుకుని, కాచుకుని ఉన్న లైను ఎత్తింది. ఎవరినో కంటి డాక్టరుకు కలిపింది. ఆ వెనక ఎవరికో తిరుపత్తూరు బస్సు ఎక్కడ దిగాలో ఓపిగ్గా చెప్పింది. అలా సాయంత్రం దాకా పనిచేసింది. మధ్యలో ఒక్కసారి, ఎటూ చూడని ముఖంతో, "మామ వాళ్ల ఫ్యాక్టరీలో లోపలికి పోయేటప్పుడు ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు," అంది. కాసేపయ్యాక, "ఇంతసేపు నా సంగతి నా ఒక్కదాని దగ్గరే ఉండేది ఇదే మొదలు, తనూజమ్మా. దించి పెట్టబుద్ధి అయ్యేలేదు," అంది. తనూజ ఊఁ కొట్టింది. ఏమిటా సంగతి అని అడగలేదు. అడగకుండా ఉండేందుకు నాలుక కొరుక్కుంటూ కూర్చుంది.

షిఫ్టు వదిలే వేళయింది. రేణు బోర్డును రాత్రి కౌంటరుకు మార్చి, హెడ్‌సెట్ కొక్కేనికి తగిలించి, సొంత ఫోను చెవికి పెట్టుకుంది.

"మామా, యాడుండావు? ... బస్సెక్కినావా? ... పక్కన ఎవురుండారు? ... అయితే దిగేసి, కొంచెం ఇట్లా ఎవురూ లేని పక్కకి రా. ఒక మాట చెప్పాల. ... లేదు లేదు, నేనే చెప్తాను, నిదానంగా రా. ఫోన్లోనే కాచుకోనుంటాను."

తనూజ ల్యాప్‌టాప్‌ను సంచిలో కుక్కి, జిప్పు కూడా వెయ్యకుండా బయటికొచ్చి, వెనక తలుపు దగ్గరగా వేసింది.

ఎదురుగా బెంచీ మీద నాగక్క కూర్చుని ఉంది. చీకటిపడుతున్నా ఇంటికి వెళ్లలేదు. తనూజ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నాగక్క ఆమె ముఖాన్ని అటునుంచి ఇటునుంచి చూసింది. ఇన్నేళ్లలో ఇంత ఖాళీ ముఖం ఆమె చూసి ఉండదు.

"వచ్చేసింది కదా?" అంది గుసగుసగా.

"వచ్చిందక్కా."

"ఏమంట?"

"తెలీదు."

"నీకు తెలీదా? నువ్వు చేసిందే కదమ్మా అది? నీక్కూడా చెప్పలేదా?"

"చెప్పదక్కా," అంది తనూజ. "నేనే అలా చేశాను."

నాగక్క ఇంకేదో అడగబోయి ఊరుకుంది. మూసిన తలుపు వెనక ఇంకా మాటలు మొదలు కాలేదు. బస్సు దిగి, నలుగురినీ తప్పించుకుని, దేవేంద్ర ఒక పక్కకు రావాలి. బెంచీ మీద ఇద్దరూ భుజాలు ఆనించుకుని కాచుకున్నారు.